సిలబస్ అయింది సరే, పని వచ్చిందా?



కౌన్సెలింగ్ అయిపోయింది. సీటొచ్చింది. ఫీజు కట్టేశారు. హాస్టల్లో సామాను కూడా దింపి వచ్చారు. మీ అబ్బాయో, అమ్మాయో ఇప్పుడు ఇంజనీరింగ్ ఫస్ట్ ఇయర్. వారం తిరక్కుండానే టైంటేబుల్ చేతికొస్తుంది. అది చూశాక ఇంట్లో ఒక ప్రశ్న బయల్దేరుతుంది. "మనం తీసుకున్నది కంప్యూటర్ సైన్సు కదా! మళ్ళీ ఈ కెమిస్ట్రీ ఏంటి? ఈ డ్రాయింగ్ ఏంటి? వర్క్‌షాపులో ఇనపముక్కని ఆకురాయితో అరగదీయడం ఏంటి?"

సీనియర్లని అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఏం పట్టించుకోకురా, బ్యాక్‌లాగ్ పడకుండా పాసైతే చాలు. అసలు సబ్జెక్టులు సెకండియర్ నుంచి మొదలవుతాయి."

ఆ జవాబు తప్పని చెప్పడానికే ఈ ప్రసంగం. ఫస్ట్ ఇయర్ సబ్జెక్టులు ఎందుకున్నాయో చూద్దాం. అవి మనకి వచ్చాయో లేదో తెలుసుకునే ఒక సులువైన పద్ధతి కూడా చెప్పుకుందాం. ఒక్కటే పద్ధతి. మీరు కాగితం, పెన్ను వెతుక్కోనక్కర్లేదు. వింటే చాలు.

ముందు ఈ సబ్జెక్టులు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దాం. దేశంలో సాంకేతిక విద్యని చూసే సంస్థ ఏఐసీటీఈ. అది 2018లో ఇంజనీరింగ్ డిగ్రీకి ఒక నమూనా పాఠ్యప్రణాళిక ఇచ్చింది. నాలుగేళ్ల చదువుని 160 క్రెడిట్లకి కుదించింది. అంతకుముందు అంతకన్నా చాలా ఎక్కువ ఉండేది. ఆ 160లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీలాంటి మూల విజ్ఞానాలకి 25 ఇచ్చారు. ప్రోగ్రామింగు, డ్రాయింగు, వర్క్‌షాపు, ఎలక్ట్రికల్ మౌలికాంశాల్లాంటి వాటికి ఇంకో 24. రెండూ కలిపితే 49. అంటే మొత్తం చదువులో మూడో వంతుకి కాస్త తక్కువ. బరువు తగ్గించాలని కూర్చున్నవాళ్లు కూడా వీటికి ఇంత వాటా ఉంచారంటే, ఊరికే ఉంచలేదు కదా.

మన రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల సిలబస్ కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. పేర్లు కొంచెం మారతాయి. ఒకచోట మాత్రికలు, కలనగణితం అంటారు. ఇంకోచోట సరళ బీజగణితం అంటారు. సరుకు మాత్రం ఒకటే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. విద్యార్థులూ, మీరు మీ సిలబస్ పుస్తకం ఒకసారి తెరవండి. ప్రతి సబ్జెక్టు దగ్గరా యూనిట్ వన్, యూనిట్ టూ అని పాఠాలుంటాయి. అవి అందరూ చూస్తారు. వాటికి పైనో కిందో ఇంకో నాలుగైదు వాక్యాలుంటాయి. వాటి పేరు కోర్సు అవుట్‌కమ్స్. తెలుగులో అభ్యసన ఫలితాలు అంటాం. ఈ కోర్సు పూర్తయ్యేసరికి విద్యార్థి ఫలానా పని చేయగలగాలి అని అక్కడ రాసుంటుంది. ఆ వాక్యాలు చదివేవాళ్లు అరుదు. పరీక్షలో వాటిమీద ప్రశ్న రాదు కాబట్టి వదిలేస్తారు. కానీ ఆ పుస్తకం మొత్తంలో మీకు నిజంగా పనికొచ్చే భాగం అదే.

ఎందుకో చెప్తాను. మన వీధిలో కుట్టుపని నేర్పే సెంటర్ ఒకటి ఉందనుకోండి. మూడు నెలల కోర్సు. మొదట టేపుతో కొలతలు తీయడం. తర్వాత కాగితం మీద గీసుకోవడం. తర్వాత కటింగ్. ఆ తర్వాత మిషను మీద కుట్టడం, కాజాలు, హుక్కులు. మూడు నెలలయ్యాక టీచరమ్మ, "అన్నీ చెప్పేశానండీ" అంటుంది. నిజమే, చెప్పింది. కానీ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగరు. ఒక జాకెట్టు గుడ్డ అమ్మాయి చేతికిచ్చి, "పిన్నికి కుట్టిపెట్టు" అంటారు. వేసుకుంటే పిన్నికి సరిపోయిందా, పని వచ్చినట్టు. చంకల దగ్గర పట్టేసిందా, ఇంకా రానట్టు. టీచరమ్మ చెప్పింది సిలబస్. అమ్మాయి కుట్టగలిగింది ఫలితం. ఇంకో మాట. జాకెట్టు పట్టేసిందంటే తప్పు సాధారణంగా మిషను దగ్గర జరగదు. మొదటి వారం నేర్పిన కొలతల దగ్గరే జరుగుతుంది.

ఇంజనీరింగూ అంతే. చెప్పింది సిలబస్. చేయగలిగింది ఫలితం. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఫస్ట్ ఇయర్ సబ్జెక్టుల్లోకే వెళ్లి రెండు మూడు చూద్దాం. అందరూ విసుక్కునే కెమిస్ట్రీతోనే మొదలుపెడదాం.

మీ ఇంట్లో నీళ్లు కాచే హీటర్ రాడ్ ఉంటే ఒకసారి చూడండి. బోరు నీళ్లు వాడే ఇంట్లో దానిమీద తెల్లగా, గట్టిగా పొర కట్టి ఉంటుంది. గోకినా ఊడిరాదు. నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే దీనికి మూలం. నీళ్లలో ఈ లవణాలు ఉండటాన్నే నీటి కాఠిన్యం అంటాం. కెమిస్ట్రీలో నీటి మీద ఉన్న యూనిట్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. పరీక్షలో "కాఠిన్యం అంటే ఏమిటి, రకాలు వివరించండి" అని అడిగితే పేజీలకి పేజీలు రాసేస్తారు. మంచిదే. కానీ ఫలితం అది కాదు.

ఫలితం ఏంటంటే, మీ ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చి, ల్యాబులో పరీక్షించి, ఈ నీళ్లు ఎంత గట్టివో అంకెతో చెప్పగలగాలి. ఆ ప్రయోగం ల్యాబులో ఉండనే ఉంది. 50 మిల్లీలీటర్ల నీళ్లు ఫ్లాస్కులో పోస్తారు. కొంచెం బఫర్ ద్రావణం, రెండు చుక్కల ఇండికేటర్ వేస్తారు. నీళ్లు ముదురు ఎరుపుకి తిరుగుతాయి. పైన బ్యూరెట్‌లోంచి ఈడీటీఏ ద్రావణం చుక్కచుక్కగా వదులుతారు. ఒకచోట ఆ ఎరుపంతా పోయి నీలం వచ్చేస్తుంది. అక్కడ ఆపాలి. 20 మిల్లీలీటర్లు ఖర్చయిందనుకోండి. మామూలుగా వాడే గాఢతకి, ఒక్కో మిల్లీలీటరు ఈడీటీఏకి ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్ లెక్క. అంటే 50 మిల్లీలీటర్ల నీళ్లలో 20 మిల్లీగ్రాములు. లీటరుకి 400.

ఇప్పుడు ఆ 400 ఎక్కువా, తక్కువా? అది చెప్పగలిగితేనే ఇంజనీరు. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యం. వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి మీ ఊరి నీళ్లు మంచి కోవలో లేవు, మరీ పనికిరానివీ కావు. ఈ మాట మీ నాన్నగారికి వివరించి చెప్పగలిగితే, మీకు కెమిస్ట్రీలో ఆ యూనిట్ వచ్చినట్టు. పక్కవాడి రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకుంటే, మార్కులొస్తాయేమో గానీ పని రాదు.

రెండోది ఎలక్ట్రికల్. సర్క్యూట్ ఇస్తే సూత్రాలు వేసి, సమీకరణాలు కట్టి గబగబా చేసే పిల్లలున్నారు. అదే పిల్లల్ని ఇంట్లో అమ్మ అడుగుతుంది. "ఒరే, మన ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే ఎన్ని యూనిట్లు కాలుతుంది?" అక్కడ ఆగిపోతారు. చూద్దాం రండి. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అది మోటారు బయటికిచ్చే పని. లోపలికి తీసుకునే కరెంటు అంతకన్నా ఎక్కువ. ఎందుకంటే కొంత వేడి రూపంలో పోతుంది. దక్షత 70 శాతం అనుకుందాం. 746ని 0.7తో భాగిస్తే 1,066 వాట్లు. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. అంటే గంటకి ఒక యూనిట్ పైచిలుకు. అంతే. ఇందులో కష్టమైన లెక్క ఏదీ లేదు. బయటికిచ్చేది వేరు, లోపలికి తీసుకునేది వేరు అన్న తెలివిడి కావాలి. ఫస్ట్ ఇయర్ ఎలక్ట్రికల్ ఇవ్వాల్సింది ఆ తెలివిడే.

మూడోది, కొలమానాలు. ఇవి పదో తరగతి నుంచీ ఉన్నవే, మాకు తెలియనివా అంటారు. తెలిసినవాళ్ల దగ్గరే ఏం జరిగిందో చెప్తాను.

1983 జులై 23. కెనడాలో ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం ఎడ్మంటన్ బయల్దేరింది. అప్పటికి ఆ దేశం పౌండ్ల నుంచి కిలోలకి మారుతోంది. ఈ విమానం లెక్కలన్నీ కిలోల్లో ఉండాలి. ఇంధనం చూపించే మీటర్లు పనిచేయడం లేదు. అందుకని ట్యాంకులో ఎన్ని లీటర్లుందో కొలిచి, చేత్తో లెక్క కట్టారు. లీటరు ఇంధనం బరువు కిలోల్లో దాదాపు 0.8. పౌండ్లలో అయితే 1.77. వాళ్లు లీటర్లని 1.77తో గుణించారు. వచ్చిన అంకెని కిలోలు అనుకున్నారు. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. నిజంగా ఉన్నది 22,300 పౌండ్లు. అంటే సగం కన్నా తక్కువ. 41 వేల అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు గొప్ప నేర్పుతో ఆ పెద్ద విమానాన్ని ఇంజన్ లేకుండానే తేలించుకుంటూ వచ్చి, గిమ్లీ అనే ఊళ్లో వదిలేసిన పాత వైమానిక స్థావరం మీద దింపారు. అదృష్టం బాగుండి ఎవరి ప్రాణమూ పోలేదు.

అక్కడ లెక్క కట్టినవాళ్లకి గుణకారం రాక కాదు. గుణకారం సరిగ్గానే చేశారు. "ఈ 1.77 దేనిలో ఉంది?" అన్న ఒక్క ప్రశ్న వేసుకోలేదు. అంకె పక్కన కొలమానం రాసి, అటూ ఇటూ సరిపోయిందా అని చూసుకోవడం ఫిజిక్సు మొదట్లో నేర్పేదే. నేర్పడం వేరు, అది చేతికి అలవాటు కావడం వేరు. మళ్ళీ అదే మాట: చెప్పింది సిలబస్, చేయగలిగింది ఫలితం.

మరి మన పిల్లలకి ఇది ఎందుకు కష్టమవుతోంది? వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. ఇంటర్ రెండేళ్లూ ఎంసెట్ కోసం, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం, దానికోసం చదివారు. మూడు గంటల్లో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకి నిమిషం పైన కొన్ని సెకన్లు. కింద నాలుగు జవాబులు. అందులో ఒకటి కచ్చితంగా కరెక్టు. ఆ ఆటకి తగ్గ చిట్కాలన్నీ వాళ్లకి కొట్టిన పిండి. ఇంజనీరింగ్‌లో ప్రశ్న కింద నాలుగు జవాబులుండవు. కొన్నిసార్లు ప్రశ్న కూడా ఉండదు. హీటర్ రాడ్ మీద తెల్లపొర ఉంటుంది, అంతే. ప్రశ్న మనమే వేసుకోవాలి. ఈ మలుపు తిప్పడానికే ఫస్ట్ ఇయర్. ఏఐసీటీఈ మొదట్లో మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టమన్నది కూడా పిల్లలు ఈ కొత్త చదువుకి, కొత్త చోటుకి అలవాటు పడాలనే.

ఈ ఫలితాల గొడవ మనతోనే మొదలు కాలేదు. వాషింగ్టన్ అకార్డ్ అని దేశాల మధ్య ఒక ఒప్పందం ఉంది. 1989లో పుట్టింది. ఒక దేశంలో ఇంజనీరింగ్ డిగ్రీని ఇంకో దేశం సమానంగా గుర్తించాలంటే, ఏ పాఠాలు చెప్పారని అడగరు. మీ పట్టభద్రుడు ఏం చేయగలడని అడుగుతారు. మన దేశం తరఫున, ఇంజనీరింగ్ ప్రోగ్రాములకి గుర్తింపునిచ్చే సంస్థ ఎన్‌బీఏ 2014 జూన్‌లో ఇందులో పూర్తి సభ్యత్వం పొందింది. ఎన్‌బీఏ ఇచ్చే టైర్-1 గుర్తింపు ఉన్న ప్రోగ్రాములకి ఈ ఒప్పందం వర్తిస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లాలనుకునే పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి కాలేజీలో అడిగి తెలుసుకోవడం మంచిది.

అందుకే ఇప్పుడు చాలా కాలేజీల్లో ప్రశ్నపత్రం మీద ప్రతి ప్రశ్న పక్కనా సీఓ1, సీఓ2 అని, ఎల్1, ఎల్2 అని రాసి ఉంటుంది. సీఓ అంటే కోర్సు అవుట్‌కమ్. ఎల్ అంటే మెట్టు. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికన్ విద్యావేత్త బృందం 1956లో వేసిన మెట్లివి. 2001లో వాటిని సవరించారు. కింది మెట్టు గుర్తుపెట్టుకోవడం. తర్వాత అర్థం చేసుకోవడం. తర్వాత వాడటం. ఆపైన విడదీసి చూడటం, తూచి చెప్పడం, చివరికి కొత్తది తయారుచేయడం.

ఇక్కడ అధ్యాపక మిత్రులకి ఒక మాట. ప్రశ్న పక్కన ఎల్4 అని రాసినంత మాత్రాన అది నాలుగో మెట్టు అయిపోదు. ఆ లెక్క గైడులో ఉన్నదున్నట్టు ఉంటే, పిల్లవాడు బట్టీపట్టి రాస్తే, అది ఎల్1 మాత్రమే. ఎక్సెల్ షీటులో ఫలితం 3కి 2.6 వచ్చిందని ఫైల్లో పెట్టుకుంటాం. అంకె ఫైల్లో ఉంటుంది. పని మాత్రం పిల్లవాడి చేతిలో ఉండాలి. మిడ్ పరీక్షలో కనీసం ఒక్క ప్రశ్న, ఏ గైడులోనూ లేనిది, మన ఊళ్లోంచి తీసింది ఇచ్చి చూడండి.

ఇక విద్యార్థులకి నేను చెప్తానన్న పద్ధతి. వారానికి ఒక అరగంట చాలు. ఆదివారం అనుకోండి. ఒక సబ్జెక్టు తీసుకోండి. ఆ వారం జరిగిన పాఠం చూడండి. దాన్ని ఒక వాక్యంగా మార్చి రాయండి. వాక్యం ఇలా ఉండాలి: "నేను ఈ పని చేయగలను." నాకు తెలుసు అని రాయొద్దు. అర్థమైంది అని రాయొద్దు. చేయగలను అని రాయండి. ఏ పనో స్పష్టంగా రాయండి.

ప్రోగ్రామింగ్ తీసుకుందాం. "ఇఫ్ ఎల్స్ తెలుసు" అని రాస్తే దాన్ని పరీక్షించలేం. "కరెంటు బిల్లు స్లాబులిస్తే, మొత్తం ఎంతో చెప్పే ప్రోగ్రాం రాయగలను" అని రాయండి. ఇప్పుడు పరీక్షించుకోవచ్చు. పుస్తకం మూసేయండి. ఇంట్లో ఉన్న బిల్లు తీయండి. దానిమీద ఉన్న స్లాబులతోనే రాయండి. మీ ప్రోగ్రాం చెప్పిన మొత్తం బిల్లు మీద ఉన్న ఎనర్జీ చార్జీతో సరిపోయిందా? సరిగ్గా స్లాబు హద్దు దగ్గర ఉన్న యూనిట్లు ఇస్తే ఏం చెప్తోంది? స్లాబు రేటు మారితే ప్రోగ్రాంలో ఎక్కడ మార్చాలో మీకు తెలుసా? సరిపోతే ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టండి. సరిపోకపోతే ఎక్కడ తప్పిందో ఒక ముక్క రాసుకోండి. సోమవారం ఆ ఒక్క ముక్క పట్టుకుని సార్ దగ్గరికో, మేడమ్ దగ్గరికో వెళ్లండి. "నాకేం అర్థం కాలేదు సార్" అనే విద్యార్థికి ఎవరూ సాయం చేయలేరు. "హద్దు దగ్గర బిల్లు తప్పొస్తోంది సార్" అనే విద్యార్థికి ఐదు నిమిషాల్లో చెప్పేయొచ్చు.

డ్రాయింగ్ అయితే మీ ముందున్న స్టూలునో, గ్యాస్ లైటర్‌నో ఎదురుగా, పైనుంచి, పక్కనుంచి చూసినట్టు మూడు బొమ్మలు గీయండి. అసలు వస్తువు చూపించకుండా పక్క రూమ్ స్నేహితుడికి ఆ కాగితమివ్వండి. అదేంటో, ఎంత పొడవుందో అతను చెప్పగలిగితే మీకు డ్రాయింగ్ వచ్చినట్టు. వర్క్‌షాపులో రెండు ఇనపముక్కలు అరగదీసి జోడించారు కదా, వాటిని వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. మధ్యలోంచి వెలుతురు ఎంత కనిపిస్తే, మీ కొలత అంత తప్పినట్టు. కాగితం మీద 50 మిల్లీమీటర్లు అని రాయడానికి, ఇనుములో 50 మిల్లీమీటర్లు సాధించడానికి మధ్య ఎంత దూరమో ఆరోజు చేతికి తెలుస్తుంది. రేపు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా, కారు విడిభాగాల కంపెనీలో ఉన్నా ఆ తెలివిడి పనికొస్తుంది.

మూడు ముక్కల్లో మళ్ళీ చెప్తాను. వారానికి ఒక పాఠాన్ని "చేయగలను" అనే వాక్యంగా రాయండి. పుస్తకంలో లేనిదాని మీద దాన్ని పరీక్షించండి. తప్పితే ఎక్కడ తప్పిందో ఒక ముక్క రాసుకుని వెళ్లి అడగండి.

తల్లిదండ్రులూ, మీకొక విన్నపం. పిల్లలు సెలవులకి ఇంటికొచ్చినప్పుడు "ఎన్ని మార్కులొచ్చాయి" అని అడగడం మానక్కర్లేదు. దాంతోపాటు ఇంకోటి అడగండి. "ఈ సెమిస్టర్‌లో నువ్వు కొత్తగా ఏం చేయగలుగుతున్నావు? చేసి చూపించు." మోటారు లెక్క అడగండి. బోరు నీళ్ల సీసా చేతికిచ్చి కాలేజీకి పంపించండి. వాళ్లు చేసి చూపిస్తే ఫీజుకి తగ్గ చదువు సాగుతోందని ధైర్యంగా ఉండండి. చేయలేకపోతే కోప్పడకండి. ఇంకా టైముంది. ఫస్ట్ ఇయర్‌లో బయటపడిన లోపాన్ని ఫస్ట్ ఇయర్‌లోనే సరిచేసుకోవచ్చు. ఉద్యోగంలో బయటపడితే అది పదిమందికి నష్టం.

విద్యార్థులూ, ఈ ఆదివారమే మొదలుపెట్టండి. సిలబస్ పుస్తకం తెరిచి, ఒక సబ్జెక్టు కోర్సు అవుట్‌కమ్స్ చదవండి. అందులో మొదటి వాక్యం తీసుకుని, ఈ పని నేను చేయగలనా అని మిమ్మల్ని మీరే అడగండి. ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకున్న విద్యార్థికి నాలుగేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ఎవరు అడిగినా భయముండదు.